టీచర్లకు లెక్కలు, సైన్స్ శిక్షణ: మొదట ఏది?

ప్రశ్న: మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు చెప్పే టీచర్లకు ఒక పూట శిక్షణ ఇవ్వాలి. పిల్లలు ఇరవై దాకా గడగడా అప్పజెబుతారు, ఐదు గుండీలు ఇమ్మంటే మాత్రం గుప్పెడు ఇస్తారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు 1: అప్పజెప్పడం వేరు, లెక్కపెట్టడం వేరు. టీచర్లను జంటలుగా కూర్చోబెట్టి 7 గుండీలు ఇవ్వండి. ఒకరు పిల్లల్లా కావాలనే తప్పు చేయాలి, రెండోవాళ్లు పట్టుకోవాలి. ఒకే గుండీని రెండుసార్లు తాకడం, ఒకటి వదిలేయడం తేలిగ్గా దొరికిపోతాయి. ఏడు దాకా సరిగ్గా లెక్కపెట్టి, "మొత్తం ఎన్ని?" అనగానే మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టడమే అసలు చిక్కు. చివర పలికిన అంకే మొత్తమని ఆ బిడ్డకు ఇంకా తెలియదన్నమాట. లెక్కపెట్టినదాన్ని పక్కకు జరిపించి, చివర అన్నిటి చుట్టూ చేయి తిప్పి "ఏడు గుండీలు" అనిపించాలి. పిల్లల దగ్గర మాత్రం 3తో మొదలుపెట్టండి, 10కి తొందరపడొద్దు.

జవాబు 2: సైన్స్‌కి తొట్టెడు నీళ్లు, బంకమట్టి చాలు. ముద్ద మునుగుతుంది, అదే ముద్దను దోనెలా ఒత్తితే తేలుతుంది. మామూలు మట్టి నీళ్లలో కరిగిపోతుంది, నూనె కలిపిన ఆటమట్టి (మోడలింగ్ క్లే) తెండి. "బరువైనవి మునుగుతాయి" అని ముందే చెప్పేస్తారు చాలామంది, పైగా అది తప్పు కూడా. "ఏమవుతుందనుకుంటున్నావు?" అని అడిగి ఐదు సెకన్లు ఊరుకోవడం సాధన చేయించండి. టీచర్లకు అదే కష్టం!

ప్రశ్న అడిగినవారు: దోనె మునిగిపోతే?

జవాబు 2: అంచులో చిల్లో, గోడ పొట్టిగా ఉండటమో కారణం. చెప్పేయకండి, నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో చూడమనండి.