చెరువులో బేశరం: పీకాలా, వదిలేయాలా?

వలకాడు: మా ఊరు మహారాష్ట్రలోని సిరొంచ తాలూకా. చెరువు ఎగువ సగం బేశరం అనే పిచ్చి పొద కమ్మేసింది. ఈ ఎండాకాలం నీళ్లు అడుగంటగానే వేళ్లతో సహా తవ్వేద్దామని మా మత్స్యకారుల సంఘంలో అనుకున్నాం. ఊళ్లో చాలామంది వద్దంటున్నారు. మీ దగ్గర ఎవరైనా చేశారా?

గట్టుమీది రైతు: ఎందుకు తమ్ముడూ ఆ కష్టం? 40 ఏళ్లుగా ఉంది, చెరువు చచ్చిపోయిందా? ప్రకృతి తనంతట తానే సర్దుకుంటుంది. మా చేనికి కంచె అదే. మేక ముట్టదు, గొడ్డు దూరదు, పైసా ఖర్చు లేదు. నరికితే పొయ్యికి కట్టె. అమెరికా ఖండం నుంచి వచ్చిందని పీకేస్తే మిరప, టమాటా, మొక్కజొన్న కూడా అక్కడివే. అవీ పీకుతారా?

వలకాడు: అన్నా, మిరప మనం నాటితేనే ఉంటుంది. బేశరం కొమ్మ ముక్క బురదలో పడితే చాలు, వేరు పోస్తుంది. ఆ గుబురు కింద వెలుతురు ఉండదు. నాచు, తూటికూర, కలువ పోయాయి. అవి లేకపోతే కొర్రమీను ఎక్కడ గుడ్లు పెట్టాలి?

చిన్నప్పుడు మా నాన్న తెప్ప ఆపి చూపించేవాడు. నాచు మధ్యలో పళ్లెమంత చోటు ఖాళీ. ఎర్రటి పిల్లలు గుంపుగా పైకి వచ్చి నీళ్ల మీద మూతులు పెట్టి మళ్లీ మునిగేవి. కింద తండ్రి చేప కాపలా. పిల్లలున్నచోట వల వేయొద్దనేవాడు. ఇవాళ నా కొడుక్కి చూపిద్దామంటే ఆ చోటే లేదు.

ఆలాపల్లి అక్క: మేక ముట్టదు అనకండి. వానలు లేని ఏడు పచ్చిక దొరక్క మా మేకలు రెండు అదే మరిగాయి. కొన్ని వారాలకు తల వణకడం, వెనక కాళ్లు తడబడటం. రెండూ పోయాయి.

గట్టుమీది రైతు: మేత పెట్టకపోతే తప్పు చెట్టుదా అక్కా?

ఆలాపల్లి అక్క: మేత కొనే డబ్బుంటే పెట్టేదాన్ని. నా మేకల గురించి అలా మాట్లాడొద్దు.

చందు: తూటికూర, బేశరం ఒకే కుటుంబం అంటారు, నిజమేనా?

వలకాడు: నిజమే. ఒకటి కూర, ఒకటి విషం.

డిగ్రీ విద్యార్థి: భండారా, గోందియా వైపు పర్యావరణ కార్యకర్త మనీశ్ రాజన్‌కర్ గారు ధీవర్ మత్స్యకారులతో, మహిళలతో కలిసి చెరువుల్లో బేశరం తీయించారు. అయితే పీకి ఊరుకోలేదు. అడుగు దున్ని, నాచు లాంటి స్థానిక మొక్కలు తెచ్చి నాటారు. తర్వాతే నాటు చేపలు పెరిగాయి. ఇంకో మాట. రోహు, బొచ్చె కూడా మన చెరువులకు బయటివే, గంగ వైపు చేపలు. నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. అందుకే ఏటా పిల్లలు కొనాలి.

గట్టుమీది రైతు: అదీ మాట! బయటి చేపను తెచ్చి వదిలేది సంఘమే. బయటి చెట్టు మాత్రం దొంగ!

వలకాడు: రోహు లేకపోతే మా ఇళ్లు గడవవు, అది ఒప్పుకుంటాను. కానీ మాట తప్పించకు. మనది ఒకే ఊరని నీకూ తెలుసు, నాకూ తెలుసు. చెరువు నిండి మత్తడి దూకిన రోజు నీ కంచె మోకాలి లోతు నీళ్లలో ఉంటుంది. నువ్వు దున్నేది చెరువు శిఖం, అంటే నీళ్లు నిండే నేల. బేశరం చుట్టూ ఒండ్రు పేరుకుని గట్టుగా మారింది కాబట్టే అది చేను అయింది. చెట్టు పోతే చెరువు హద్దు బయటపడుతుందని నీ భయం.

గట్టుమీది రైతు: అవును, ఎకరం పావు. మా అయ్య నాటి నుంచి సాగు. పిల్లల ఫీజులు దాని మీదే. రెండేళ్ల కింద కోతకొచ్చిన వరి మునుగుతుంటే తూము తీయమని అర్ధరాత్రి మీ ఇంటికి వచ్చాను. చేపపిల్ల కొట్టుకుపోతుందన్నారు. నా వరి మూడు రోజులు నీళ్లలో ఉండి గింజ మొలకెత్తింది. చెరువును కాపాడతామనే వాళ్లు ఆ రోజు నా ముఖం చూడలేదు.

వలకాడు: ఆ రాత్రి తూము తాళం నా దగ్గరే ఉంది. తీసి ఉండాల్సింది.

డిగ్రీ విద్యార్థి: చెరువు అటవీ భూమిలో ఉంటే 2006 అటవీ హక్కుల చట్టం కింద చేపల మీద, మేత మీద ఊరందరికీ హక్కు అడగొచ్చు. తూము సంగతి కూడా గ్రామసభలోనే తేల్చుకోండి.

గట్టుమీది రైతు: ముందు నా ఎకరం పావు సంగతి రాసివ్వండి. కట్ట వైపు మీ ఇష్టం. నా కంచెలో కొమ్మ ముట్టనివ్వను.

వలకాడు: కట్ట వైపు నుంచే మొదలుపెడతాం. సభ రోజు తాళం తెచ్చి అందరి ముందు పెడతాను.

ఆలాపల్లి అక్క: తవ్వింది తడి గట్టు మీద పడేయకండి, చిగురిస్తుంది. బండల మీద ఎండబెట్టి కాల్చండి. మేకల్ని దూరంగా కట్టేయండి.