క్యారవాన్‌కు బయటి వేడిని కొలిచే సెన్సార్: బంపర్ వెనకనా, అద్దం కిందనా?

బురుజు నీడ, కర్నూలు:

మిత్రులకు నమస్కారం. నాలుగు నెలల కిందట ఒక పాత ట్రావెలర్ బండిని కొని, ఊళ్లోనే ఒక షెడ్డులో పడక, వంటగట్టు, చిన్న ఏసీ పెట్టించి క్యారవాన్‌గా మార్పించుకున్నాను. స్టీరింగు పక్కన లోపలి వేడిని, బయటి వేడిని రెండింటినీ చూపే చిన్న డిస్‌ప్లే ఉంది. దాని వెనక నుంచి మూడు మీటర్ల సన్నని తీగ వస్తుంది, ఆ తీగ కొసన చిక్కుడు గింజంత నల్లటి సెన్సార్ ఉంటుంది. మేస్త్రి దాన్ని ముందు బంపర్ వెనక, నంబరు ప్లేటుకు కాస్త పైన, రెండు కేబుల్ టైలతో కట్టేసి పని అయిపోయిందన్నారు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం ఓర్వకల్లు రాతివనాల దగ్గర బండి ఆపాను. దారిలో 41 చూపిన డిస్‌ప్లే, ఇంజను ఆపిన పది నిమిషాలకు 52కు చేరింది. చేతిలో ఉన్న గాజు థర్మామీటరును వేప నీడలో తాడు కట్టి వేలాడదీస్తే అది 40 దగ్గరే నిలిచింది. 52 నిజమే అయితే, 2016 మే నెలలో రాజస్థాన్‌లోని ఫలోదిలో నమోదైన 51 డిగ్రీల దేశ రికార్డును ఓర్వకల్లు ఆ రోజు బద్దలు కొట్టిందన్నమాట.

నాకు అంకె మీద మోజు లేదు. సాయంత్రం ఎన్ని గంటలకు ఏసీ ఆపి, కిటికీలు తెరిచి, పైకప్పు ఫ్యానుతో సరిపెట్టుకోవచ్చో తేల్చుకోవడానికి మాత్రమే అది కావాలి, ఎందుకంటే ఏసీ నడిచేది బ్యాటరీల మీద, అక్కడ ప్రతి అరగంటా లెక్కే. బయటి పక్క అద్దం కింద పెట్టమని ఒకరు, వెనక చక్రాల దగ్గర ఛాసిస్‌కు కట్టమని ఒకరు, ఉత్తరం వైపు గోడకు బిగించమని మరొకరు చెబుతున్నారు. కారణాలతో సహా చెప్పగలిగినవారు చెప్పండి.

గుత్తికోట, అనంతపురం:

మేస్త్రి పనిని అప్పుడే తప్పు పట్టకండి. చాలా కార్లలో కంపెనీవారే ఈ సెన్సార్‌ను ముందు బంపర్ వెనకనో, గ్రిల్ దగ్గరనో పెడతారు. బండి కదులుతున్నంతసేపు ఎదురుగాలి మొదట తాకేది ఆ చోటునే. రేడియేటర్ వేడి, ఇంజను వేడి వెనక్కి కొట్టుకుపోతాయి. నేను 44వ జాతీయ రహదారి మీద గుత్తి నుంచి కర్నూలుకు వచ్చినప్పుడల్లా నా బండిలో కనిపించే అంకెకు, ఆ రోజు పేపర్లో వచ్చే గరిష్ఠ ఉష్ణోగ్రతకు పెద్ద తేడా ఉండదు. బండి ఆపిన తర్వాత కాసేపు అబద్ధం చెబుతుంది, నిజమే. ఆ కాసేపు ఆగితే సరిపోతుంది కదా, దానికోసం తలుపుకు కన్నాలు పొడిపించుకోవడం ఎందుకు?

పెన్న ఒడ్డు, కడప:

గుత్తికోట గారు సగమే చెప్పారు. కంపెనీ కార్లలో ఆ చోటు పనికిరావడానికి కారణం చోటు ఒక్కటే కాదు, దాని వెనక ఉన్న కంప్యూటర్. బండి నిలబడినప్పుడు గాని, నత్తనడకన పోతున్నప్పుడు గాని సెన్సార్ నుంచి అంకె పెరుగుతూ వస్తే, అది ఇంజను వేడి అయి ఉంటుందని కంప్యూటరే అనుమానించి, డిస్‌ప్లే మీద పాత అంకెనే పట్టుకుని ఉంటుంది. బండి మళ్లీ వేగం అందుకుని కొంతసేపు గడిచాకే కొత్త అంకెను ఒప్పుకుంటుంది. బురుజు నీడ గారి డిస్‌ప్లేకు అంత వివేకం లేదు. సెన్సార్ ఏది చెబితే అది చూపుతుంది.

రెండో సంగతి, ఆయనకు అంకె కావలసింది దారిలో కాదు, బండి నిలిపిన తర్వాత. బంపర్ వెనక చోటు అబద్ధమాడేది సరిగ్గా అప్పుడే. ఇంజను దిమ్మ ఇనుము, దానిలోని నీళ్లు 90 డిగ్రీల దరిదాపుల్లో ఉంటాయి, ఫ్యాను ఆగిపోయాక ఆ వేడి పోవడానికి దారి లేక ముందుకీ పైకీ పొంగుతుంది. మే నెలలో అది చల్లారడానికి కాసేపు కాదు, గంట పైనే పడుతుంది. ఆ గంటలోనే ఆయన ఏసీ గురించి నిర్ణయం తీసుకోవాలి.

వెనక చక్రాల దగ్గర ఛాసిస్‌కు కట్టమన్న సలహా కూడా మన నేలకు సరిపడదు. కింద నీడ ఉంటుందని ఆశ పడతాం గానీ, బ్రేకు డ్రమ్ముల వేడి, సైలెన్సర్ వేడి అటుంచితే, తారు రోడ్డే ఎండకు 60 డిగ్రీలు దాటుతుంది. పొద్దుగూకిన తర్వాత గాలి చల్లబడుతూ ఉంటే ఆ తారు గాని, కడప బండలు పరిచిన ఆవరణ గాని రాత్రి భోజనాల వేళ దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. గండికోటలో రాతి నేల మీద ఒక సాయంత్రం బండి నిలిపినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు. ముఖానికి చల్లగాలి తగులుతుంటే అరికాళ్లు మాత్రం కాలుతుంటాయి.

నా ఓటు అద్దానికే. వాతావరణ కేంద్రాల్లో థర్మామీటర్లను తెల్లరంగు వేసిన, రెండు వరుసల వాలుపలకల గోడలున్న చెక్కపెట్టెలో ఉంచుతారు. దాన్ని స్టీవెన్‌సన్ తెర అంటారు, 19వ శతాబ్దంలో స్కాట్లండుకు చెందిన లైట్‌హౌస్ ఇంజనీరు థామస్ స్టీవెన్‌సన్ రూపొందించిన పెట్టె అది. ప్రపంచ వాతావరణ సంస్థ చెప్పే ఎత్తు నేల నుంచి 1.25 మీటర్లు మొదలు 2 మీటర్ల లోపు. పేపర్లో మనం చదివే 42 డిగ్రీలు అలాంటి పెట్టెలో, ఆ ఎత్తులో, నీడలో కొలిచినది. మన బండ్లలో ఆ ఎత్తుకు దగ్గరగా, రేకుకు దూరంగా, గాలిలోకి చెయ్యి చాపి నిలబడ్డ భాగం పక్క అద్దం ఒక్కటే.

గుత్తికోట:

పెన్న ఒడ్డు గారూ, కంప్యూటర్ సంగతి ఒప్పుకుంటున్నాను, అది నాకు తట్టలేదు. కానీ అద్దం గురించి మీరు పల్లె దారులు మరిచిపోయి మాట్లాడుతున్నారు. మా వైపు చెరువుకట్ట దారుల్లో రెండు పక్కలా కంపచెట్లు అద్దాన్ని గీరుకుంటూనే ఉంటాయి. సంతల్లో ఆటోలు అద్దాన్ని తట్టని రోజు ఉండదు. దాని కింద చిక్కుడు గింజంత వస్తువు ఎన్నాళ్లు నిలుస్తుంది? పైగా అద్దం పెంకు నల్లటి ప్లాస్టిక్, ఎండకు అదే పెనంలా కాలుతుంది.

తోవ తప్పినవాడు, నంద్యాల:

నేను విదేశీ వీడియోలు చూసి ఉత్తరం వైపు సలహా ఇచ్చినవాణ్ణి. ఉత్తరం గోడకు ఎండ తగలదు కాబట్టి అక్కడ పెట్టమని వారందరూ చెబుతారు. బండి ఎటు తిరిగి నిలబడుతుందో తెలియదన్న అభ్యంతరం ఉంది గానీ, నిలిపేటప్పుడే సెన్సార్ ఉన్న వైపును ఉత్తరానికి తిప్పుకుంటే సరిపోతుందని నా అభిప్రాయం.

పెన్న ఒడ్డు:

ఆ సలహా ఇంగ్లండులోనో, జర్మనీలోనో మంచిది. కర్నూలు 16 డిగ్రీల అక్షాంశానికి కొంచెం దిగువన ఉంది, కడప, అనంతపురం 14న్నర దగ్గర ఉన్నాయి. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా కర్నూలులో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిని దాటి ఉత్తరానికే వాలి ఉంటాడు. ఇక పొద్దున, సాయంత్రం సంగతి చెప్పాలంటే, మార్చి చివరి నుంచి సెప్టెంబరు దాకా ఆయన తూర్పుకు ఉత్తరంగానే పొడిచి, పడమటికి ఉత్తరంగానే కుంగుతాడు. అంటే మనకు ఎండ మండే రోజుల్లో, సాయంత్రం ఐదు గంటలకు, ఉత్తరపు గోడ మీద ఏటవాలు ఎండ పడుతూనే ఉంటుంది. నమ్మకపోతే జూన్‌లో మీ ఇంటి ఉత్తరపు అరుగు మీద కూర్చుని చూడండి.

వైరింగు మేస్త్రి, కడప:

ఇరవై ఏళ్లుగా బండ్ల వైరింగు చేస్తున్నాను కాబట్టి చేతిపని గురించి నాలుగు మాటలు. ముందుగా ఆ సెన్సార్‌ను పరీక్షించుకోండి. స్టీలు గ్లాసులో మంచును పొడి చేసి వేసి, కొద్దిగా నీళ్లు పోసి, సెన్సార్ కొసను మధ్యలో ఉంచి ఐదు నిమిషాలు కలుపుతూ ఉంటే సున్నా చూపాలి. ఒక డిగ్రీ అటూఇటూ అయితే ఫరవాలేదు, మూడు నాలుగు చూపితే చోటు మార్చి లాభం లేదు, సెన్సార్‌నే మార్చాలి.

మూడు మీటర్ల తీగ చాలదని భయపడి చాలామంది బంపర్‌తో సరిపెట్టుకుంటారు. ఆ భయం అక్కర్లేదు. ఇలాంటి డిస్‌ప్లేలకు వచ్చేవి ఎక్కువగా 25 డిగ్రీల దగ్గర 10 వేల ఓమ్‌ల నిరోధం ఉండే థర్మిస్టర్లు. వేడి ఒక డిగ్రీ మారితే వాటి నిరోధం వందల ఓమ్‌లలో మారుతుంది, ఐదారు మీటర్ల రాగి తీగ కలిపితే పెరిగేది ఒకటి రెండు ఓమ్‌లు. అతుకు దగ్గర సోల్డరు వేసి, పైన ష్రింకు గొట్టం తొడిగితే చాలు. ఊరికే మెలిపెట్టి టేపు చుడితే మాత్రం వానాకాలం వచ్చేసరికి తుప్పు పట్టి అంకె ఎగిరి దూకుతుంది.

అద్దం పెంకు కాలుతుందన్న మాట నిజమే. అందుకని సెన్సార్‌ను దానికి అంటించకూడదు. ఇంటి వైరింగుకు వాడే తెల్లటి పీవీసీ పైపును జానెడులో సగం ముక్క కోసి, చుట్టూ కన్నాలు వేసి, రెండు కొసలూ తెరిచి ఉంచి, పెంకుకు వేలెడు దిగువన వేలాడేలా క్లిప్పుతో బిగించాలి. సెన్సార్ ఆ పైపు నడుమ గాలిలో నిలవాలి, గోడను తాకకూడదు. రేకును తాకిన సెన్సార్ చెప్పేది రేకు వేడిని, గాలి వేడిని కాదు. కంపచెట్ల దెబ్బకు పైపు విరిగితే మరో ముక్క కోసుకోవచ్చు, అది పది రూపాయల వ్యవహారం.

తోవ తప్పినవాడు:

ఉత్తరం మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయితే ఏ వైపు అద్దం? డ్రైవరు వైపా, క్లీనరు వైపా? మరో చిన్న సందేహం, వేగంగా పోతుంటే గాలి ఒరిపిడికి సెన్సార్ వేడెక్కదా?

పెన్న ఒడ్డు:

వంద కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలిని పూర్తిగా అడ్డగించినా పెరిగేది అర డిగ్రీ లోపే. అది మరిచిపోండి.

ఏ వైపు అన్నదే అసలు చిక్కు. ముందుగా ఏసీ వేడిగాలి వదిలే జాలీ, ఫ్రిజ్ వెనక జాలీ ఏ వైపున ఉన్నాయో చూసుకుని ఆ వైపు మానుకోవాలి. అవి రెండూ వెనక భాగంలో ఉంటే నేను చెప్పేది ఇది: రెండు వైపులా చెరొక సెన్సార్ పెట్టండి. అదే విలువ గల రెండో థర్మిస్టర్ తెచ్చుకుని, ఒక రెండు వైపుల స్విచ్ ద్వారా డిస్‌ప్లేకు కలిపితే, ఒక నొక్కుకు డ్రైవరు వైపు అంకె, ఇంకో నొక్కుకు క్లీనరు వైపు అంకె కనిపిస్తాయి. రెండింటిలో తక్కువ ఉన్నదాన్నే నమ్మండి. ఎండ గాని, ఇంజను గాని, రేకు గాని, రోడ్డు గాని, సెన్సార్‌ను పాడుచేసేవన్నీ అంకెను పైకే తోస్తాయి. పట్టపగలు గాలి కంటే చల్లగా ఉండి దాన్ని కిందికి లాగే వస్తువు బండి చుట్టూ కనబడదు. కాబట్టి తక్కువ అంకె ఎప్పుడూ నిజానికి దగ్గరగా ఉంటుంది.

గుత్తికోట:

ఎప్పుడూ అనకండి, అక్కడే పొరపాటు పడ్డారు. కిందికి లాగే వస్తువు ఒకటి ఉంది, అది నీళ్లు. సెన్సార్ తడిస్తే, ఆ తడి ఆరుతున్నంతసేపు అది కుండలో నీళ్లు చల్లబడినట్టే చల్లబడుతుంది. మన దగ్గర గాలిలో తేమ 20 శాతానికి పడిపోయిన మధ్యాహ్నం, 40 డిగ్రీల వేడిలో, తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు 22 దగ్గర నిలుస్తుంది. బండి కడిగిన తర్వాతనో, ఎదురు లారీ నీళ్లు చిమ్మినప్పుడో, వాన వెలిసి ఎండ కాసినప్పుడో మీ తక్కువ అంకె పచ్చి అబద్ధం చెబుతుంది. అప్పుడు ఎక్కువ చూపేదే నిజానికి దగ్గర.

పెన్న ఒడ్డు:

ఒప్పుకుంటున్నాను. పొడిగా ఉన్నంతవరకు అన్న మాట చేర్చి చదువుకోండి. పైపు ముక్కను కొంచెం ముందుకు వాల్చి కడితే నీళ్లు నిలవవు, ఆరడం కూడా తొందరగా అవుతుంది.

బురుజు నీడ:

అందరికీ కృతజ్ఞతలు. ఈ వారంలో చేసింది చెబుతాను. మంచు గ్లాసులో సెన్సార్ సున్నాకు అర డిగ్రీ పైన చూపింది, అంటే దాని తప్పేమీ లేదు. నా బండికి ఏసీ జాలీ వెనక ఉంది కాబట్టి రెండు అద్దాల కిందా పైపు ముక్కలు వేలాడదీశాను. తీగను తలుపు మడతబందు దగ్గరున్న రబ్బరు తొడుగు గుండా లోపలికి తీయడానికే ఒక పూట పట్టింది. మొదటిసారి వదులు చాలక, తలుపు పూర్తిగా తెరిచినప్పుడల్లా తీగ గుంజుకుని డిస్‌ప్లే మీద రెండు గీతలు కనిపించేవి. తలుపు బార్లా తెరిచి పెట్టుకుని, అప్పుడు కొలిచి కట్టాలన్నది దానితో తెలిసింది.

నిన్న సాయంత్రం ఐదున్నరకు మళ్లీ అదే వేప చెట్టు దగ్గర ఆపాను. పడమటి ఎండ పడుతున్న డ్రైవరు వైపు 42, క్లీనరు వైపు 39, చెట్టు కింది గాజు థర్మామీటరు 38కి కొంచెం పైన. ఏడు గంటలకు రెండు వైపులా అంకెలు ఒక డిగ్రీ తేడాలోకి వచ్చాయి, ఏడుంపావుకు 34 దగ్గర ఏసీ ఆపి కిటికీలు తెరిచాం. పోల్చి చూద్దామని మరో పాత సెన్సార్‌ను బంపర్ వెనక ఉంచాను, అది అప్పటికీ 41 చూపుతోంది.

గుత్తికోట గారు చెప్పిన తడి పరీక్ష మాత్రం మిగిలింది. మగ్గుతో నీళ్లు పోసి చూడవచ్చు గానీ, నిజం వానలోనే చూడాలని ఉంది. కర్నూలులో మబ్బు ఆనవాలు లేదు.