‘కమాండ్ సబ్‌స్టిట్యూషన్’ను ఫలితాదేశం అనవచ్చునా?

ప్రశ్న: ఒక ప్రోగ్రాం ఇచ్చే ఔట్‌పుట్‌ను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (ప్రోగ్రాంలు చదువుకోగలిగేలా పేరుపెట్టి ఉంచిన విలువలో) నిలుపుకొనే విధానంపై పాఠం రాస్తున్నాను. ‘క్యాప్చర్ చేయడం’ అనవలసిన చోట ‘సంగ్రహించడం’, ‘బంధించడం’ అన్న మాటలు తోస్తున్నాయి గానీ రెండూ తృప్తినివ్వడం లేదు. యూనిక్స్ షెల్‌లో, అంటే మనం టైపు చేసిన కమాండ్లను నడిపే ప్రోగ్రాంలో, ఈ పనికి ‘కమాండ్ సబ్‌స్టిట్యూషన్’ అన్న పేరుంది. పెద్దలు ఏమంటారు?

మొదటి సమాధానం: ‘సంగ్రహం’ అనగానే పాఠకునికి కుదింపు స్ఫురిస్తుంది కనుక అది తగదు. (ఔట్‌పుట్ చివరనున్న న్యూలైన్ (పంక్తి ముగింపు) గుర్తులన్నిటినీ షెల్ తొలగిస్తుంది కాబట్టి ఆ మేరకు సంగ్రహమేనని చమత్కరించవచ్చు.) జరిగే పనిని చూస్తే మాట దానంతటదే దొరుకుతుంది. డాలర్ గుర్తు, దాని వెంటనే కుండలీకరణాలు, వాటి లోపల ‘డేట్’ అన్న కమాండ్ ఉన్నాయనుకోండి. షెల్ ముందుగా ఆ కమాండ్‌ను నడిపి, అది స్టాండర్డ్ ఔట్‌పుట్‌కు (మామూలు ఫలితాలు వెళ్లే మార్గానికి) రాసిన పాఠాన్ని ఆ గుర్తులున్న స్థానంలోనే ఉంచి, ఆ తరువాతే మిగిలిన వాక్యాన్ని అమలు చేస్తుంది. వేరియబుల్‌కు దక్కేది ఆ పాఠమే తప్ప కమాండ్ కాదు. ఒక వర్ణాన్ని తొలగించి దాని స్థానంలో మరొకటి రావడాన్ని మన వ్యాకరణం ఆదేశం అంటుంది. ‘మిత్రవదాగమః, శత్రువదాదేశః’ అన్నది అందుకే. ‘వాడు కొట్టె’ అన్నది ‘వాడు గొట్టె’ అయినప్పుడు కకారం పోయి గకారం నిలిచినట్టే, ఇక్కడ కమాండ్ పోయి దాని ఫలితం నిలుస్తుంది. గసడదవాదేశం అన్న పేరులో వచ్చి చేరేవాటినే చెప్పారు గానీ తొలగిపోయేవాటిని చెప్పలేదు. ఆ పద్ధతిలో దీనిని ‘ఫలితాదేశం’ అనడం న్యాయం. కమాండ్‌నూ తెలుగులో ఆదేశమే అంటారు కనుక వచ్చే ‘ఆదేశాదేశం’ అన్న గందరగోళమూ తప్పుతుంది.

1979లో వెర్షన్ 7 యూనిక్స్‌తో వచ్చిన బోర్న్ షెల్‌లో దీనికి వెనుకకు వాలిన ఉల్లేఖన చిహ్నాలు వాడేవారు. డాలర్ కుండలీకరణాల పద్ధతి కార్న్ షెల్‌తో వచ్చింది. ఒక ఫలితాదేశం లోపల మరొకటి రాయడానికి ఇదే సుకరం.

రెండవ సమాధానం: మాట బాగుంది గానీ విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌కు అన్వయించదు. అక్కడ స్థానమార్పిడి ఏదీ జరగదు. ‘ఫర్’ కమాండ్‌ను ‘/ఎఫ్’ గుర్తుతో వాడితే, అది లోపలి ప్రోగ్రాంను నడిపి, ఔట్‌పుట్‌ను పంక్తి తరువాత పంక్తిగా చేతికందిస్తుంది. ప్రతి పంక్తినీ ‘సెట్’ కమాండ్ ద్వారా వేరియబుల్‌లో ఉంచేది మనమే. అందుకే పది పంక్తులు వస్తే చివరిదే మిగులుతుంది. విభాజకాలను (పంక్తిని ముక్కలు చేసే గుర్తులను) ఖాళీగా ఉంచమని చెప్పకపోతే పంక్తిలోనైనా మొదటి ఖాళీ వరకే దక్కుతుంది. ఈ పనికి ‘అందుకోవడం’ అన్న తెలుగు మాట చాలు. పాఠంలో రెండు వ్యవస్థలూ ఉంటే రెండు మాటలు వాడడమే మేలు, ఎందుకంటే ఒకే మాట వాడితే రెండు చోట్లా ఒకే పని జరుగుతున్నదని విద్యార్థి భ్రమపడతాడు.

మొదటి సమాధానమిచ్చినవారు: అంగీకరిస్తున్నాను. దానితోపాటు, షెల్ వేరియబుల్‌ను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా మార్చే ‘ఎక్స్‌పోర్ట్’ కమాండ్‌ను ‘ఎగుమతి’ అనవద్దని మనవి. ఎగుమతి అయిన సరుకు ఇక్కడ మిగలదు. షెల్ వేరియబుల్ ఉన్నచోటనే ఉండి, దాని ప్రతి మాత్రమే పిల్ల ప్రక్రియలకు (ఆ షెల్ నడిపే ప్రోగ్రాంలకు) చేరుతుంది, పిల్ల చేసిన మార్పు తల్లికి తిరిగి రాదు. ‘సంక్రమింపజేయడం’ అంటే ఈ అర్థం చక్కగా వస్తుంది. విండోస్‌లో ‘సెట్’ చేసినదే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అవుతుంది కాబట్టి అక్కడ ఈ మాటతో పనిలేదు.

ప్రశ్నించినవారు: ‘ఫలితాదేశం’, ‘అందుకోవడం’, ‘సంక్రమింపజేయడం’ మూడింటినీ స్వీకరిస్తున్నాను. దోషసందేశాలు స్టాండర్డ్ ఎర్రర్ మార్గాన వెళతాయి కనుక అవి ఫలితాదేశంలోకి రావనీ, కావాలంటే కమాండ్ చివర ‘2>&1’ చేర్చాలనీ పాఠంలో చెబుతాను. ఫలితాదేశాన్నీ సంక్రమణాన్నీ ఒకే వాక్యంలో రాస్తే లోపలి కమాండ్ విఫలమైన సంగతి మరుగున పడి, ‘ఎక్స్‌పోర్ట్’ సఫలమైనదన్న సూచనే మిగులుతుంది కాబట్టి, వాటిని రెండు వాక్యాలుగానే చూపుతాను.