మా చెల్లిది పూనకమా, జబ్బా? ఏఎస్ పేట దర్గాకా, డాక్టరు దగ్గరికా?

కావలి_అక్క: మా పిన్ని కూతురికి ఇరవై రెండేళ్ళు. ఉన్నట్టుండి ఆరేళ్ళ పిల్లలా మాట్లాడుతుంది. తర్వాత ఏమీ గుర్తుండదు. నెల్లూరులో సైకియాట్రిస్టు డీఐడీ అన్నారు, అంటే ఒకే మనిషిలో వేర్వేరు వ్యక్తిత్వాలు. పిన్నేమో దర్గాకే పోదామంటోంది.

సింగరాయకొండ_రమణ: దర్గాకే పోండి. మా మేనత్తకు జాతరలో అమ్మవారు పూనేది. డాక్టరు పట్టుమని పది నిమిషాలు చూడకుండా నటన అని పంపేశాడు. ఆ అవమానం ఇప్పటికీ మర్చిపోలేదు. ఏఎస్ పేటలో కొన్నాళ్ళుంటే కుదుటపడింది.

పెన్నా_గట్టు: రమణ గారూ, ఆ డాక్టరు చేసింది తప్పే. కానీ జాతరలో, ఊరంతా ఒప్పుకున్న పద్ధతిలో వచ్చే పూనకాన్ని జబ్బుగా లెక్కపెట్టకూడదని మానసిక జబ్బుల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే పుస్తకం, 2013 నాటి డీఎస్ఎం-5లోనే ఉంది. ఈ అమ్మాయి సంగతి వేరు. మతిమరుపు వస్తోంది, రోజు గడవడమే కష్టమవుతోంది. డీఐడీ వచ్చినవాళ్ళలో చాలామందికి పసితనంలో పదేపదే హింస జరిగి ఉంటుంది. పారిపోలేని పిల్ల ఆ బాధ తనది కాదన్నట్టు పక్కకు నెట్టేస్తుంది. అలా విడిపోయిన ఆమెలోని భాగమే ఆ ఆరేళ్ళ పిల్ల. దెయ్యం కాదు, తరిమేయకూడదు. దీనికంటూ ప్రత్యేకంగా మందు లేదు. దిగులుకీ టెన్షన్‌కీ మందులిస్తారు. అసలు చికిత్స మాటలతోనే, ఏళ్ళు పడుతుంది. ముందు భద్రత, నిలకడ. పాత జ్ఞాపకాల జోలికి ఆ తర్వాతే.

సింగరాయకొండ_రమణ: మందే లేనప్పుడు డాక్టరెందుకు?

ఉదయగిరి_బాబు: మానసిక సమస్యలకి ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, టెలి మానస్. 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

పెన్నా_గట్టు: మందు లేకపోతే వైద్యం లేదనా?

సింగరాయకొండ_రమణ: మందు లేదని రాసింది మీరే.

ఒంగోలు_మాస్టారు: పెళ్ళి చేయండి, అదే సర్దుకుంటుంది.

పెన్నా_గట్టు: పెళ్ళా! ఆ పిల్లకి చిన్నప్పుడు ఏం జరిగిందో ఒక్కరైనా అడిగారా మాస్టారూ?

కావలి_అక్క: డాక్టరుకి చెప్పింది, తర్వాత నాకు చెప్పింది. బాబాయి తమ్ముడు. ఇప్పటికీ అదే ఇంట్లో ఉంటున్నాడు. పిన్నికి తెలుసు. డాక్టరు దగ్గరికెళ్తే ఆ పేరు మళ్ళీ బయటికొస్తుందనే దర్గా అంటోంది.

ఒంగోలు_మాస్టారు: ఎప్పటిదో తవ్వి ఇంటి పరువు తీసుకుంటారా?

సింగరాయకొండ_రమణ: పరువేందండీ మాస్టారూ! అమ్మా, దర్గా మీద నా నమ్మకం నాది. ముందు ఆ పిల్లని ఆ ఇంట్లోంచి తీసుకురా.

పెన్నా_గట్టు: కేసు పెట్టాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. కానీ రోజూ వాడి ఎదురుగా అన్నం తినాల్సివస్తే ఏ చికిత్సా నిలవదు. డాక్టరుకి చెప్పింది ఊరికి తెలుస్తుందని భయపడొద్దు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఆయన గోప్యంగా ఉంచాలి.

కావలి_అక్క: మా ఇంటికి తెచ్చుకుంటాను. పిన్ని ఒప్పుకోవాలా?

పెన్నా_గట్టు: అక్కర్లేదమ్మా, మేజరు. చెల్లినే అడుగు.