మా అబ్బాయి బాస్కెట్‌బాలే జీవితమంటున్నాడు, ఏ దారి చూపించాలి?

నమస్కారమండీ. మాది నెల్లూరు, ఎనిమిదేళ్లుగా చెన్నై పెరంబూరులో ఉంటున్నాం. మావాడికి 16 ఏళ్లు, ఆరడుగుల రెండంగుళాలు. తెల్లారి ఐదింటికే కోర్టులో ఉంటాడు. మూడు నెలల క్రితం కొన్న బూట్లు, కుడికాలి బొటనవేలి దగ్గర అడుగు అరిగి అరచేయిలా నున్నగా అయిపోయింది.

ఇప్పుడు ప్లస్ టూ మానేస్తానంటున్నాడు. అడిగితే సత్నామ్ సింగ్ పేరు చెప్తాడు. పంజాబ్ పల్లెటూరి నుంచి వెళ్లి 2015లో ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే చోట, ఎంపికైన తొలి భారతీయుడు. 52వ ఎంపికగా డాలస్ మావరిక్స్ జట్టు తీసుకుంది. తలచుకుంటే నాకూ గర్వమే. కానీ అంత ఎత్తుకు వెళ్లినా ఆయన ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు, తర్వాత రెజ్లింగ్‌కు మారారు. ఆ మాటంటే మావాడు అన్నం ముందు నుంచి లేచిపోతున్నాడు.

ఇక్కడ ఐఓబీ (ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్), రైల్వే జట్లలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం చేస్తూ ఆడేవాళ్లున్నారు. నా మనసు అటే లాగుతోంది. ఆ దారిలో వెళ్లినవాళ్లు దయచేసి చెప్పండి: సెలక్షన్‌కు రాష్ట్ర జట్టుకు ఆడితే సరిపోతుందా, నేషనల్స్ ఆడి ఉండాలా? చెన్నైలో ఏ కాలేజీలో చేరిస్తే ఆటా చదువూ రెండూ నిలుస్తాయి? ఇంకోటి, దూకి దిగినప్పుడు మోకాలి చిప్ప కింద నొప్పంటున్నాడు. ఆట ఆపించాలా? చాలా టెన్షన్‌గా ఉందండీ.