మెల్‌బోర్న్ రాయల్ ఎగ్జిబిషన్ బిల్డింగ్: ఇన్ని పనులకు వాడుకోవడం ఆ భవనాన్ని కాపాడిందా, పాడుచేసిందా?

కార్ల్టన్ విద్యార్థి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న రోజుల్లో నా సెమిస్టరు పరీక్షలు చాలావరకు కార్ల్టన్ గార్డెన్స్‌లోని రాయల్ ఎగ్జిబిషన్ బిల్డింగ్‌లోనే రాశాను. హాలు నిండా వందల బల్లలు వరుసగా వేసి ఉండేవి. ఇన్విజిలేటర్లు నడిచినప్పుడల్లా చెక్క నేల కిర్రుమనేది. జవాబు తోచక తల పైకెత్తితే గుమ్మటం లోపలి రంగుల బొమ్మలు కనిపించేవి. నాతోపాటు అక్కడ పరీక్షలు రాసిన తెలుగు విద్యార్థులు చాలామందే ఉన్నారు కానీ, మాలో ఎవరమూ ఆ భవనం కథ ఏమిటని అడిగినవాళ్లం కాము.

ఈమధ్య మా అమ్మానాన్నలు గుంటూరు నుంచి వచ్చినప్పుడు, గుమ్మటం చుట్టూ ఉన్న నడవాను 2022లో మళ్లీ సందర్శకులకు తెరిచారని తెలిసి, వారిని అక్కడికి తీసుకువెళ్లాను. 1901లో ఆస్ట్రేలియా తొలి పార్లమెంటు ప్రారంభమైంది ఈ హాలులోనేనని చెప్పగానే నాన్నగారు ఒక ప్రశ్న వేశారు: “కొన్ని నెలల ప్రదర్శన కోసం కట్టినదాన్ని నూట నలభై ఏళ్లకు పైగా ఎందుకు ఉంచారు? ఇంతకీ దీని అసలు పని ఏమిటి?” నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన కట్టడంలో పరీక్షలూ పూల ప్రదర్శనలూ జరపడం తగిన పనేనా, అసలు ఇన్ని రకాలుగా వాడుకోవడం వల్ల దానికి మేలు జరిగిందా, కీడు జరిగిందా అన్నది తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

పాత కట్టడాల అభిమాని

నాన్నగారి ప్రశ్నలోనే ఒక చిన్న సవరణ చేయవలసి ఉంది. 1880 అక్టోబరు 1న మొదలై 1881 ఏప్రిల్ 30న ముగిసిన అంతర్జాతీయ ప్రదర్శన కోసమే ఈ భవనాన్ని కట్టిన మాట నిజమే. అయితే దాన్ని రూపొందించిన జోసెఫ్ రీడ్ మొదటి నుంచీ రెండు రకాల నిర్మాణాలను అనుకున్నారు. వెనుక వైపు పరుచుకున్న విశాలమైన షెడ్లు ప్రదర్శన ముగియగానే విప్పేయడానికి వేసినవి. గుమ్మటంతో ఉన్న పెద్ద హాలు మాత్రం నిలిచి ఉండడానికే కట్టినది. ప్రసిద్ధ గాయని నెల్లీ మెల్బా తండ్రి డేవిడ్ మిచెల్ దీని నిర్మాణ కాంట్రాక్టరు. శంకుస్థాపన 1879 ఫిబ్రవరిలో జరిగిందంటే, సుమారు 68 మీటర్ల ఎత్తున్న గుమ్మటంతో సహా ఇంత భవనాన్ని ఇరవై నెలలలోపే నిలబెట్టారన్నమాట.

ఇక అసలు పని ఏమిటన్నదానికి నా జవాబు ఇది: పెద్ద జనసమూహాన్ని ఒకే కప్పు కింద, పగటి వెలుతురులో కూర్చోబెట్టగలగడమే దాని పని. సుమారు 150 మీటర్ల పొడవున, మధ్యలో అడ్డుగోడలు లేని హాలు, పై వరుస కిటికీల నుంచి దిగే వెలుగు, నాలుగు దిక్కులా వెడల్పైన ద్వారాలు, నగరం నుంచి నడిచి వెళ్లగలిగే దూరం, ఇవన్నీ కలిసి ఉన్న చోటు ఆనాటి మెల్‌బోర్న్‌లో మరొకటి లేదు. అందుకే 1888లో రెండో పెద్ద ప్రదర్శన వచ్చినప్పుడు విద్యుద్దీపాలు అమర్చి రాత్రిపూట కూడా తెరిచి ఉంచగలిగారు. అందుకే 1901 మే 9న దాదాపు 12,000 మంది అతిథుల ఎదుట తొలి పార్లమెంటును ప్రారంభించడానికి వేరే చోటు వెతకవలసిన అవసరం రాలేదు. ఆ తరువాత కేంద్ర పార్లమెంటు విక్టోరియా రాష్ట్ర శాసనసభా భవనంలో కొలువుదీరింది. సొంత ఇల్లు అప్పగించిన రాష్ట్ర శాసనసభ మాత్రం 1927లో కాన్‌బెర్రా సిద్ధమయ్యేదాకా, అంటే 26 ఏళ్లపాటు, ఈ భవనం పడమటి పక్కనున్న భాగంలోనే సమావేశమైంది.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించేది 1919 సంవత్సరం. స్పానిష్ ఫ్లూ వచ్చి నగరంలోని ఆసుపత్రులు చాలకపోయినప్పుడు, 1901లో పార్లమెంటును ప్రారంభిస్తూ బ్రిటిష్ యువరాజు నిలబడి ప్రసంగించిన హాలులోనే రోగుల మంచాలు వేశారు. వేలాది మందికి అక్కడ చికిత్స జరిగింది. 1922 నుంచి 1925 వరకు మొదటి ప్రపంచ యుద్ధ వస్తువుల మ్యూజియంగా, రెండో ప్రపంచ యుద్ధకాలంలో వైమానిక దళ శిక్షణ కేంద్రంగా, 1956 ఒలింపిక్స్‌లో బరువులెత్తడం, కుస్తీ పోటీలకు వేదికగా ఉపయోగపడింది. మీరు అక్కడ పరీక్షలు రాయడం ఈ వరుసలో ఏమాత్రం అతకని పని కాదని నా అభిప్రాయం.

పాత నగర పటాల సేకర్త

పై మిత్రులు చెప్పినవన్నీ వాస్తవాలే. కానీ కీడు జరిగిన సంగతిని కూడా దాచకుండా చెప్పుకోవాలి. 1940ల నాటికి భవనం దయనీయ స్థితికి చేరింది. దాన్ని కూల్చివేయాలా వద్దా అన్న విషయం 1948లో నగర కౌన్సిల్ ముందుకు వస్తే, అతి తక్కువ తేడాతో కూల్చవద్దన్న పక్షమే నెగ్గింది. ఆ కొద్దిపాటి ఓట్లు అటువైపు పడి ఉంటే ఇవాళ మనం మాట్లాడుకోవడానికి గుమ్మటమే ఉండేది కాదు. మత్స్యశాల ఉన్న భాగం 1953లో అగ్నికి ఆహుతైంది. రాష్ట్ర శాసనసభ కూర్చున్న పడమటి భాగాన్ని ఆ తరువాత కూల్చేశారు. 1979లో తూర్పున ఉన్న నృత్యశాల కూడా పోయింది. ప్రజలు గట్టిగా నిరసన తెలిపిన తరువాతే మిగిలినదాన్నైనా కాపాడాలన్న పట్టుదల అధికారుల్లో కనిపించింది.

ప్రదర్శనశాలల చరిత్రలో నిప్పు ఎంత పెద్ద శత్రువో గుర్తుపెట్టుకోవాలి. సిడ్నీలో 1879 ప్రదర్శనకు కట్టిన గార్డెన్ ప్యాలెస్ మూడేళ్లు తిరిగేసరికి, 1882 సెప్టెంబరులో, పూర్తిగా కాలిపోయింది. లండన్ క్రిస్టల్ ప్యాలెస్ 1936 నవంబరులో బూడిదైంది. కాబట్టి, వాడుకలో ఉంటే చాలు భవనం దానంతటదే బతుకుతుందని అనుకోలేము. ఆ రెండూ వాడుకలో ఉండగానే పోయాయి.

నేను గమనించినంతలో వాడుకలో రెండు రకాలున్నాయి. ఒకటి చుట్టంలా వచ్చి వెళ్లేది: పరీక్షలు, పూల ప్రదర్శన, కార్ల ప్రదర్శన. బల్లలు వేస్తారు, తీస్తారు. మర్నాటికి హాలు హాలుగానే ఉంటుంది. రెండోది తిష్ఠ వేసేది: కార్యాలయాల కోసం అడ్డుగోడలు, తాత్కాలికమంటూ తగిలించి దశాబ్దాలపాటు వదిలేసిన పైకప్పులు, పాత చిత్రాల మీద పూసేసిన రంగులు. ఈ భవనానికి జరిగిన నష్టంలో ఎక్కువ భాగం రెండో రకం వల్లనే. 1990లలో గోడల మీద పొరలను జాగ్రత్తగా పరిశీలించి, లోపలి అలంకరణను 1901 నాటి రంగుల్లోకి తిరిగి తేవడానికి ఎంత శ్రమ పడ్డారో తలచుకుంటే, ఒక్క కుంచెతో చేసిన తప్పును దిద్దడానికి ఎన్ని చేతులు కావాలో అర్థమవుతుంది. పరీక్షల గురించి కాదు, మేకుల గురించి భయపడాలి.

పడమటి శివారు నర్సు

నేను చరిత్ర చదివినదాన్ని కాదు కానీ, 2021లో ఈ భవనంలో కోవిడ్ టీకాలు వేసినవారిలో నేనూ ఒకదాన్ని. తెల్లవారుజామున లోపలికి వెళితే హాలు చల్లగా ఉండేది. ఎండ పైకిటికీల నుంచి మెల్లగా దిగి మా బల్లల మీదికి వచ్చేసరికి పది దాటేది. ఒకరోజు ఎనభైకి దగ్గర పడిన ఒక పెద్దాయన టీకా వేయించుకుని, పావుగంట కూర్చోవలసిన కుర్చీలో కూర్చుని, ఉత్తరం వైపు చేయి చూపించారు. చిన్నప్పుడు తల్లిదండ్రులతో ఓడ దిగి మెల్‌బోర్న్‌కు వచ్చాక మొదటి వారాలు అటువైపున్న గుడిసెల్లోనే గడిపారట. 1949 నుంచి 1962 దాకా ఇక్కడ వలస వచ్చినవారికి ఆశ్రయ కేంద్రం నడిచిందని నాకు ఆయన వల్లనే తెలిసింది. “అప్పుడు మాకు ఇక్కడ దుప్పటి ఇచ్చారు, ఇప్పుడు సూది ఇచ్చారు” అన్నారాయన.

1919లో ఇదే హాలులో మంచాల మధ్య తిరిగిన నర్సుల గురించి పైన చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. విద్యార్థి గారూ, అటువంటి చోట పరీక్ష రాయడం తగునా అని మీరు సంకోచించనక్కర్లేదు.

కార్ల్టన్ విద్యార్థి

ముగ్గురికీ కృతజ్ఞతలు. మీ జవాబులన్నీ నాన్నగారికి ఫోనులో చదివి వినిపించాను. ఆయన ఆర్‌అండ్‌బీలో ఉద్యోగం చేసి పదవీ విరమణ పొందినవారు కావడంతో, మేకుల మాట దగ్గర ఆపి మళ్లీ చదవమన్నారు. వచ్చే మార్చిలో పూల ప్రదర్శన సమయానికి మళ్లీ వస్తామని, ఈసారి గుమ్మటం పైకి కాకుండా ముందు ఉత్తరం వైపు, ఆ గుడిసెలు ఉండిన చోటికి తీసుకువెళ్లమని చెప్పారు. ఇప్పుడు అక్కడ 2000లో తెరిచిన మెల్‌బోర్న్ మ్యూజియం ఉంది.