చిప్ప కింద నొప్పి ఉంటే సైకిల్ పూర్తిగా ఆపాలా, తగ్గించుకుని తొక్కాలా?

ములుగురోడ్డు రైడర్:
అందరికీ నమస్తే. కుడి మోకాలి చిప్ప కింది అంచున నొప్పి, సరిగ్గా ఒక వేలు పెట్టి చూపించేంత చోటులో. సైకిల్ ఎక్కగానే గుచ్చుతుంది, ఒళ్లు వేడెక్కాక తగ్గుతుంది, ఇంటికొచ్చి కాసేపు కూర్చుని లేస్తే మళ్లీ మొదలు. మెట్లు దిగేటప్పుడు, కింద కూర్చుని అన్నం తిని లేచేటప్పుడు మరీ ఎక్కువ. ఇదివరకు భద్రకాళి బండ్, వడ్డేపల్లి చెరువు వైపే తిరిగేవాణ్ని. చలికాలం రాగానే ఆదివారాలు హన్మకొండ నుంచి రామప్పకు పోయిరావడం మొదలుపెట్టాం. గేర్ల సైకిలే. ఎముకల డాక్టర్ గారు ఎక్స్‌రే బాగుందన్నారు, నెల రోజులు సైకిల్ ముట్టొద్దన్నారు. జిమ్ కోచ్ ఏమో ఆపితే ఇంకా పాడవుతుందంటున్నాడు. ఎవరి మాట వినాలి?

కాజీపేట పెద్దన్న:
డాక్టర్ మాటే. ఇందులో చర్చేముంది తమ్మీ? నొప్పితో తొక్కి తొక్కి, నెలలో పోయేదాన్ని ఏడాది సాగదీసుకున్నవాళ్లను మా గ్రూపులోనే చూశాను. ఆదివారం మాత్ర వేసుకుని రైడ్‌కు వస్తారు, సోమవారం కుంటుకుంటూ ఆఫీసుకు పోతారు. రామప్ప ఎనిమిది వందల ఏళ్లుగా అక్కడే ఉంది, ఇంకో రెండు నెలలు ఆగితే ఎక్కడికీ పోదు.

బోల్టు నట్టు:
ఆపడమా తొక్కడమా తర్వాత, ముందు సీటు ఎంత ఎత్తులో ఉందో చెప్పండి. మన దగ్గర సైకిల్ కొన్నరోజు షాపులో సీటు మీద కూర్చోబెట్టి, రెండు పాదాలు నేలకు ఆనుతున్నాయా అని చూసి బోల్టు బిగిస్తారు, ఆ సీటు ఇక జన్మలో కదలదు. సీటు అంత కిందికి ఉంటే పెడల్ పైకొచ్చినప్పుడు మోకాలు బాగా మడతపడుతుంది, ఆ మడతలోనే బలం పెట్టి తొక్కాలి, భారమంతా చిప్ప మీద, దాని కింద ఉండే టెండన్ అనే గట్టి పట్టీ మీద పడుతుంది.

చెప్పుల్లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, ఒక అట్ట పుస్తకాన్ని తొడల మధ్య పైకి గట్టిగా నొక్కి పట్టుకుని, దాని పై అంచు నుంచి నేల దాకా కొలిపించండి. వచ్చినదాన్ని 0.883తో గుణించండి. 80 సెంటీమీటర్లు వస్తే 70.6. పెడల్ రాడ్లు తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా అంత ఉండాలి. టూర్ డి ఫ్రాన్స్ మూడుసార్లు గెలిచిన గ్రెగ్ లెమాండ్ వల్ల పాపులర్ అయిన లెక్క ఇది, అందరికీ అతికినట్టు సరిపోదు కానీ మొదలుపెట్టడానికి చాలు. ఇంత కూడా ఎందుకనుకుంటే, మడమను పెడల్ మీద పెట్టి పెడల్ పూర్తిగా కిందికి దించండి, కాలు నిటారుగా చాపుకోవాలి, నడుము పక్కకు ఒరగకూడదు. ఒకేసారి రెండంగుళాలు లేపొద్దు, ఐదైదు మిల్లీమీటర్లు చాలు. మరీ లేపితే నొప్పి మోకాలి వెనక్కి పోతుంది.

గట్టమ్మ గట్టు:
మా నాయిన ముప్పై ఏళ్లు పాల క్యాన్లు కట్టుకుని తొక్కిండు, సీటు కిందికే ఉండేది, గేర్లు లేవు, ఏ లెక్కా లేదు. మోకాలు నొప్పి అని ఒక్కరోజు అనలేదు. మనకే ఈ పరేషాన్ అంతా.

బోల్టు నట్టు:
మీ నాయినకు దండం అన్నా. కానీ ఆయన రోజూ అదే దారిలో అదే బరువుతో ఏళ్ల తరబడి తొక్కారు, కాళ్లు దానికి తయారైపోయాయి. మనం వారమంతా కుర్చీలో కూర్చుని ఆదివారం పోను రాను 130 కిలోమీటర్లు పైనే తొక్కుతాం. అదీ పెద్ద గేర్‌లో పెట్టి, ఎదురుగాలిలో, పక్కవాడు ముందుకు పోతున్నాడని. మోకాలు ఎన్నిసార్లు పైకి వస్తుందో 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి, 60 దగ్గర ఉంటే గేర్ తగ్గించాల్సిందే. 80, 90 మధ్య తిరిగితే ప్రతి తొక్కుడుకూ పడే భారం తగ్గుతుంది.

ఫిజియో సుబేదారి:
నేను ఫిజియోథెరపిస్టుని. చూడకుండా ఖాయంగా చెప్పను, కానీ మీరు రాసింది చిప్పను కింది కాలి ఎముకతో కలిపే టెండన్ సమస్యలాగే ఉంది. ఒక వేలితో చూపించగలగడం, వేడెక్కాక తగ్గి తర్వాత మళ్లీ రావడం దాని గుర్తులు. చిప్ప చుట్టూ అరచేయి తిప్పి చూపిస్తే మాత్రం అది వేరు, నిజానికి సైకిల్ తొక్కేవాళ్లలో అదే ఎక్కువ చూస్తాం.

పెద్దన్న గారూ, ఆపితే నొప్పి తగ్గుతుంది, కాదనను. కానీ పని లేని టెండన్‌కు భారం మోసే శక్తి కూడా తగ్గుతుంది. నెల తర్వాత బాగైంది కదా అని తమ్ముడు నేరుగా రామప్ప బయల్దేరతాడు, ములుగు దగ్గర గట్టమ్మ ఎక్కుడు వచ్చేసరికి మళ్లీ పట్టేస్తుంది. చాలామంది ఇదే చక్రంలో తిరుగుతుంటారు. పైగా ఇది వాపు మాత్రలతో పోయే జబ్బు కాదు. టెండనైటిస్, అంటే టెండన్ వాపు, అనే అపోహను వదిలేసే టైమొచ్చిందని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 2002లోనే సంపాదకీయం వచ్చింది.

నేను చెప్పేది ఇదీ. నొప్పిని పదికి మార్కులేసుకోండి. తొక్కేటప్పుడు మూడు దాటకూడదు, మర్నాడు పొద్దున మెట్లు దిగితే నిన్నటికంటే ఎక్కువ ఉండకూడదు. ఉంటే తర్వాతి రైడ్ తగ్గించండి. దాంతోపాటు బళ్లో సార్లు వేయించిన గోడ కుర్చీ, 45 సెకన్లు, ఐదుసార్లు, మధ్యలో రెండేసి నిమిషాలు ఆగి. నొప్పి అదుపులోకి వచ్చాక జిమ్‌లో లెగ్ ప్రెస్, మూడు సెకన్లు దించడం, మూడు సెకన్లు లేపడం, బరువు మెల్లగా పెంచుతూ రోజు విడిచి రోజు. మూడు నెలలు ఓపిక పట్టాలి.

కాజీపేట పెద్దన్న:
మేడం, ఆ 45 సెకన్ల సంగతి నేనూ చదివాను. 2015 నాటి పరిశోధన అది, ఆరుగురు వాలీబాల్ ఆటగాళ్ల మీద చేసి చూశారు. ఆరుగురు ఎగిరేవాళ్లను చూసి సైకిల్ వాళ్లకు మందు రాస్తారా?

ఫిజియో సుబేదారి:
మంచి ప్రశ్న. గోడ కుర్చీ మీద నేను ప్రాణం పెట్టుకోలేదు, తర్వాత ఇలాంటి పరిశోధన చేసినవాళ్లందరికీ అంత ఉపశమనం కనిపించలేదు కూడా. మొదట్లో చాలామంది ఓర్చుకోగలరని వాడతాను, అంతే. అసలు బలం మెల్లగా బరువులు ఎత్తడంలో ఉంది. 2009లో డెన్మార్క్ వాళ్లు దీన్ని, ఏటవాలు పలక మీద చేసే గుంజీలను, స్టెరాయిడ్ ఇంజెక్షన్‌ను పోల్చి చూశారు. మూడు నెలలప్పుడు మూడు గుంపులూ మెరుగ్గానే ఉన్నాయి. ఆరు నెలలకు ఇంజెక్షన్ గుంపు వెనక్కి జారింది, వ్యాయామం చేసినవాళ్లు నిలబడ్డారు. ఇక ఎగరడం గురించి అన్నారు కదా, ఎగరడంతో పోలిస్తే సైకిల్ టెండన్‌కు తేలిక. అది తొక్కవచ్చు అనడానికే సాక్ష్యం కదా సార్!

గట్టమ్మ గట్టు:
ఇంజెక్షన్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, మా బావకు ఒక క్లినిక్‌లో వేశారు, పెళ్లిలో బ్రహ్మాండంగా డ్యాన్స్ చేసిండు, ఆ తర్వాత మళ్లీ మొదటికే వచ్చింది.

ఎనిమిదో క్లాసు అమ్మ:
మా బాబుకూ ఇలాంటి నొప్పే, చిప్పకు ఇంకొంచెం కింద ఎముక మీద బుడిపెలా ఉంది. స్కూలుకు సైకిల్ మీదే పోతాడు. వాడికీ ఈ బరువులేనా?

ఫిజియో సుబేదారి:
వద్దక్కా. ఎదిగే వయసులో టెండన్ అతుక్కునే చోట ఎముకే ఇంకా లేతగా ఉంటుంది, నొప్పి అక్కడ వస్తుంది. సాధారణంగా ఎదుగుదలతో తగ్గిపోతుంది. ఒకసారి పిల్లల డాక్టర్‌కు చూపించండి. బాబు ఎత్తు పెరిగినా సీటు పాత చోటే ఉందేమో కూడా చూడండి. అలాగే పెద్దవాళ్లకు ఒక మాట, విరేచనాలని మెడికల్ షాపులో సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివి అడిగి తెచ్చుకోవద్దు. ఆ రకం యాంటీబయాటిక్స్ టెండన్లను దెబ్బతీయొచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లో మందు వివరాల కాగితంలో గడి కట్టి మరీ గట్టి హెచ్చరిక పెట్టించింది. మోకాలు వాచినా, మధ్యలో పట్టేసి కదలకపోయినా ఈ చర్చలన్నీ పక్కనపెట్టి డాక్టర్ దగ్గరకే.

కాజీపేట పెద్దన్న:
సరే, టెండన్ విషయంలో మీ మాట ఒప్పుకుంటా. కానీ నా అసలు బాధ వేరు. ‘తగ్గించి తొక్కు’ అంటే ఆదివారం గ్రూపులో తగ్గించి తొక్కేవాడు ఒక్కణ్ని చూపించండి. పొద్దున ఐదింటికి అందరూ మెల్లగానే అంటారు, ఆత్మకూరు దాటేసరికి రేసు. రైడ్‌ల లెక్కలు చూపించే స్ట్రావా యాప్‌లో నంబర్లు తగ్గితే నిద్ర పట్టదు వీళ్లకు. ‘ముట్టొద్దు’ అనేది పాటించగలిగే మాట, ‘మూడు మార్కులు దాటొద్దు’ అనేది ఎవడూ పాటించడు.

ఫిజియో సుబేదారి:
దీనికి నా దగ్గర జవాబు లేదు. గ్రూపు మానేసి ఒంటరిగా తొక్కమనడం తప్ప.

ములుగురోడ్డు రైడర్:
పెద్దన్నా, మమ్మల్ని బాగానే పట్టేశారు. సీటు కొలిపించాను, బోల్టు గారి లెక్కకు మూడు సెంటీమీటర్లు తక్కువుంది. ఈ నెల రామప్ప బంద్, ధర్మసాగర్ దాకా ఒక్కణ్నే, చిన్న గేర్‌లో. సంగతి డాక్టర్ గారికి కూడా చెప్తాను. సీటు ఇవాళే మొత్తం లేపెయ్యనా?

బోల్టు నట్టు:
ఐదు మిల్లీమీటర్లన్నాను కదయ్యా! ముందుగా సీటు రాడ్ మీద ఇప్పుడున్న చోట నల్ల టేపు చుట్టి గుర్తు పెట్టు, అర సెంటీమీటర్ లేపి రెండు మూడు రైడ్‌లు చూడు, తర్వాత ఇంకో అర. రాడ్ మీద అడ్డగీత ఒకటి ఉంటుంది, అది బయటికి రావద్దు, వస్తే పొడుగు రాడ్ కొనాలి.